బోటు మీద నుంచి కొన్ని, మాస్క్‌లోంచి కొన్ని

సూర్యలంక తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల గురించి కిందటి సంచికలో రాస్తే, వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మధ్యధరా సముద్రం గురించే. కారణం ఊహించడం కష్టం కాదు. గుంటూరు, విజయవాడల్లో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా పిల్లలు జర్మనీలోనో ఇటలీలోనో ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, ఎండలు ముదరగానే అమ్మానాన్నలు అక్కడికి ప్రయాణం కడతారు, వెళ్లాక గ్రీసో స్పెయినో కూడా చూసి రావాలనుకుంటారు, ఆ ప్యాకేజీలో ఒక బోటు ట్రిప్పు ఉండనే ఉంటుంది. బోటెక్కాక ఎటు చూడాలో, నీళ్లలో మొహం పెడితే ఏం కనిపిస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్ గారూ, జులైలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఇటలీ, గ్రీసు చూపిస్తానన్నాడు. బోటు ట్రిప్పు బుక్ చేస్తుంటే ‘డాల్ఫిన్లు గ్యారంటీ’ అని ఉందట. నిజంగా కనిపిస్తాయా? తిమింగలాలు కూడా ఉంటాయంటున్నాడు, ఆ సముద్రంలో అంత పెద్దవి ఉంటాయా?
(ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: ఉంటాయండీ, చాలా పెద్దవే ఉంటాయి. నీలి తిమింగలం తర్వాత భూమ్మీద అంత పొడవైన జంతువు ఫిన్ తిమింగలం, మధ్యధరాలో అది 20 మీటర్ల దాకా పెరుగుతుంది. ఎండాకాలంలో ఇవి ఇటలీలోని జెనోవా, ఫ్రాన్సులోని నీస్ తీరాలకీ కోర్సికా దీవికీ మధ్య ఉన్న సముద్రంలోకి మేత కోసం చేరతాయి, రొయ్యల్ని పోలిన క్రిల్ అనే చిన్న జీవులు అక్కడ దండిగా దొరుకుతాయి. ఆ ప్రాంతాన్ని కాపాడాలని ఫ్రాన్సు, ఇటలీ, మొనాకో కలిసి 1999లో ఒప్పందం చేసుకున్నాయి, దాన్ని పెలగోస్ అంటారు, విస్తీర్ణం సుమారు 87,500 చదరపు కిలోమీటర్లు. మీకు తిమింగలమే చూడాలని ఉంటే ఆ తీరం నుంచి సగం రోజుకి పైగా సముద్రం మీదే ఉండే ట్రిప్పు తీసుకోండి, రెండు గంటల ట్రిప్పులు అంత దూరం పోవు.

గ్రీసు వైపు ఇంకో రకం, స్పెర్మ్ తిమింగలం. క్రీట్ దీవికి నైరుతిలో సముద్రం ఒడ్డుకి దగ్గర్లోనే ఒక్కసారిగా లోతైపోతుంది. హెలెనిక్ ట్రెంచ్ అనే ఆ అగాధం దక్షిణ గ్రీసు పొడుగునా ఉంది, మధ్యధరా మొత్తంలో 5,000 మీటర్లు దాటిన అత్యంత లోతైన చోటు కూడా అందులోదే. స్క్విడ్ల కోసం మునిగిన తిమింగలం ముప్పావుగంట దాకా పైకి రాదు, అందుకని పని తెలిసిన బోటువాళ్లు నీళ్లలోకి మైకు దించి, అది లోపల చేసే టిక్ టిక్ చప్పుడుని బట్టి ఎటు ఉందో పోల్చుకుంటారు. మీ చెవికి హెడ్‌ఫోన్ ఇచ్చి వినిపిస్తే తప్పకుండా వినండి, జంతువు పైకి రాకపోయినా ఆ చప్పుడొక్కటీ విన్నా డబ్బులకి న్యాయం జరిగినట్టే. ఈ రెండు తిమింగలాల్నీ గుర్తుపట్టడం తేలిక. ఊపిరి వదిలినప్పుడు ఆవిరి నిటారుగా బాగా ఎత్తుకి లేస్తే ఫిన్, ముందుకీ ఎడమ పక్కకీ వాలి గుబురుగా లేస్తే స్పెర్మ్. మునిగేటప్పుడు తోక మొత్తం నీళ్లపైకి ఎత్తితే స్పెర్మ్, వీపు మాత్రం వంచి మాయమైపోతే ఫిన్.

ఇక డాల్ఫిన్లు. ఒడ్డుకి దగ్గర్లో, చేపల పడవల వెంట తిరిగేది బాటిల్‌నోజ్ డాల్ఫిన్, పెద్దదిగా ఒళ్లంతా బూడిద రంగులో ఉంటుంది. లోతు నీళ్లలో గుంపులుగా గెంతుతూ బోటు ముందు ఉరికేది చారల డాల్ఫిన్, కంటి దగ్గర మొదలైన నల్లటి గీత పక్క పొడుగునా పోతుంది, ఈ సముద్రంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఇదే. పక్కల పసుపు ఛాయ కనిపిస్తే అది కామన్ డాల్ఫిన్, మధ్యధరాలో ఇది బాగా తగ్గిపోయింది, కనిపిస్తే మీ అదృష్టం.

గ్యారంటీ అన్న మాట నమ్మకండి. కనిపించకపోతే ఇంకోరోజు ఉచితంగా తీసుకెళ్తామనడమే దాని అర్థం, మర్నాడే ఊరు మారిపోయే మనలాంటివాళ్లకి దానివల్ల ఉపయోగం లేదు. దానికన్నా టైము ముఖ్యం. గ్రీసుకీ టర్కీకీ మధ్యనున్న ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టు నెలల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది, మధ్యాహ్నానికి అలలన్నీ తెల్ల నురగ కడతాయి, ఇక అందులో డాల్ఫిన్ రెక్క ఏదో అల ఏదో తెలియదు, పైగా కళ్లు తిరిగి వాంతులొకటి. పొద్దున్నే బయల్దేరే బోటు చూసుకోండి. ఎక్కాక నీళ్లకంటే ముందు పక్షుల మీద కన్నేసి ఉంచండి. షియర్‌వాటర్ అనే గోధుమ రంగు పక్షులు రెక్క కదపకుండా నీళ్లకి ఆనుకుని పోతుంటాయి, అవి ఒకచోట గుమిగూడి మాటిమాటికీ నీళ్లలోకి దూకుతుంటే కింద చిన్న చేపల గుంపు ఉన్నట్టు, ఆ గుంపుని కింద నుంచి తరుముతున్నవి డాల్ఫిన్లో ట్యూనాలో అయి ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే గైడు కంటే ముందు మీరే చూపించొచ్చు. నీళ్లమీద ఒక పెద్ద రెక్క బద్ధకంగా అటూ ఇటూ ఊగుతుంటే సొర అని హడలిపోకండి, చాలాసార్లు అది సన్‌ఫిష్ అనే పెద్ద బల్లపరుపు చేప, పైకొచ్చి పక్కకి ఒరిగి ఎండలో పడుకుంటుంది.

బుక్ చేసేముందు మీ అబ్బాయిని ఒక ప్రశ్న అడగమనండి: ‘డాల్ఫిన్లు కనిపిస్తే బోటు ఎంత దూరంలో ఆపుతారు?’ వంద మీటర్లని తడుముకోకుండా చెప్పినవాళ్లు మంచివాళ్లు. స్పెయిన్‌లో 2007 నుంచి దీనికి చట్టమే ఉంది, తిమింగలాలకీ డాల్ఫిన్లకీ 60 మీటర్ల లోపలికి బోటు పోకూడదు, వాటితో ఈత కొట్టకూడదు. వాటంతట అవే మన దగ్గరికి వస్తే రానివ్వండి, మనం వెంటపడకూడదు. పిల్లకి పాలిచ్చే తల్లి బోటు తరిమినప్పుడల్లా పాలు ఆపేసి పారిపోవాలి, ఎండాకాలంలో అది రోజుకి ఎన్నిసార్లో ఆలోచించండి. ‘డాల్ఫిన్లతో ఈత’ అని అమ్మే ట్రిప్పుల జోలికి అసలు పోవద్దు.

ప్రశ్న: అక్కా, మా చెల్లెలు వాళ్లు స్పెయిన్‌లో ఉంటారు, జిబ్రాల్టర్ దగ్గర తిమింగలాలు చూపిస్తానంటోంది. అక్కడ ఓర్కాలు పడవల్ని ముంచేస్తున్నాయని వీడియోలు చూసి మా ఆవిడకి ఒకటే టెన్షన్.
(లబ్బీపేట, విజయవాడ)

జవాబు: మీ ఆవిడకి ధైర్యం చెప్పండి. ఓర్కాలంటే నలుపు తెలుపు రంగుల్లో ఉండే పెద్ద డాల్ఫిన్ జాతి. 2020 నుంచి అక్కడివి కొన్ని తెరచాప పడవల దగ్గరికి వచ్చి చుక్కానిని కొట్టి విరగ్గొట్టడం, కొన్ని పడవలు మునగడం నిజమే, కానీ వాటివల్ల మనుషుల ప్రాణాలు పోలేదు. మీరెక్కేది టరీఫా ఊరి నుంచి బయల్దేరే పెద్ద ఇంజను బోటు. ఓర్కాలు జులై, ఆగస్టుల్లో ట్యూనాల కోసం జలసంధిలోకి వస్తాయి, ఈ గుంపులో 50 కూడా లేవు, అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్నాయి, కనిపిస్తే భయపడాల్సింది కాదు సంతోషించాల్సింది. అవి కనిపించకపోయినా పైలట్ తిమింగలాలు ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, నల్లగా గుండ్రటి తలతో, కుటుంబమంతా ఒకరి పక్కన ఒకరు తేలుతూ. ఆ జలసంధి సన్నటి చోట 14 కిలోమీటర్లే, ఒక పక్క యూరప్, ఇంకో పక్క ఆఫ్రికా కొండలు, బోటు మీద నుంచి రెండూ కనిపిస్తాయి. జాకెట్ పట్టుకెళ్లండి, అక్కడి గాలికి ఆగస్టులో కూడా వణుకుతారు.

ప్రశ్న: అక్కా, సెప్టెంబర్లో గ్రీసు వెళ్తున్నాం. మా పదేళ్లవాడికి స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్లపై తేలుతూ కిందికి చూడటం) చేయాలని ఒకటే ఆరాటం. నాకూ వాడికీ ఈత అంతంతమాత్రమే, పైగా నాకు మైనస్ నాలుగు సైటు. అండమాన్‌లో మాదిరి పగడాలూ రంగుల చేపలూ ఉంటాయా? వెళ్లి నిరాశపడతామా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తమ్ముడూ, అండమాన్‌ని మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. అలాంటి పగడపు దిబ్బలు మధ్యధరాలో ఉండవు. ఉండేవి రాళ్లు, సముద్రపు గడ్డి, ఇసుక. కానీ చూడటం తెలిసినవాళ్లకి ఆ రాళ్ల దగ్గరే గంటలు గడిచిపోతాయి, అదీ నడుము లోతు నీళ్లలో. అందరూ చేసే పొరపాటు ఏంటంటే మాస్క్ పెట్టుకోగానే కాళ్లు కొట్టుకుంటూ దూరం దూరం పోతారు, అలా ఈదేవాళ్లకి చేపల తోకలే కనిపిస్తాయి. మీకు ఈత రాకపోవడం ఇక్కడ కలిసొస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకుని ఒక పెద్ద రాయి పక్కన బోర్లా తేలుతూ కదలకుండా ఉండండి. కాసేపటికి మీరు ఉన్నారన్న సంగతి అక్కడి జీవులు మర్చిపోతాయి, ఇక ఒక్కొక్కటే పనిలో పడతాయి.

మొదట కనిపించేది డామ్సెల్ చేపలు, కత్తెర తోకతో నల్లగా, రాతికి కాస్త పైన గుంపుగా నిలబడి ఉంటాయి. మీరు వెళ్లేది సెప్టెంబర్ కాబట్టి వాటి పిల్లలు ఉంటాయి, రాతి పగుళ్ల నీడలో చూడండి, గోరంత ఉంటాయి, మెరిసే నీలం రంగు, ఆ నీలాన్ని చూసి మీవాడు నీళ్లలోనే అరుస్తాడు. రాతి మీద ఆకుపచ్చగా, నీలం చారలతో హడావిడిగా తిరిగేవి రాస్ చేపలు. వాటిలో రెయిన్‌బో రాస్ అని ఒకటి, ఆడదిగా బతుకు మొదలుపెట్టి పెద్దయ్యాక మగదిగా మారిపోతుంది, మారినప్పుడు పక్కన నారింజ రంగు వంకర చార వస్తుంది. గ్రీసులో పారట్ చేప కూడా చూస్తారు, దీనిలో ఎర్రగా, పసుపు మచ్చతో అందంగా ఉండేది ఆడది, మగది ఉత్త బూడిద రంగు. ఒంటి పొడుగునా బంగారు గీతలున్న చేపల మంద ఒకటి గడ్డి మీద తలలు వంచి మేస్తూ వస్తుంది, అవి సలేమా చేపలు. మీరు కదలకుండా ఉంటే మంద రెండుగా చీలి మీ చుట్టూ తిరిగి ముందుకెళ్లి మళ్లీ కలిసిపోతుంది.

ఇప్పుడు ఆక్టోపస్ సంగతి. దాని కోసం వెతకొద్దు, దాని ఇంటి కోసం వెతకండి. రాతి అడుగున ఒక కన్నం, దాని ముందు ఖాళీ గుల్లలు, పీత డిప్పలు, గులకరాళ్లు పోగుపడి ఉంటాయి, చుట్టూ ఇసుక మీద ఎక్కడా అలా ఉండదు, ఇక్కడొక్కచోటే కుప్ప. అవన్నీ అది తిని పారేసినవీ, ద్వారానికి అడ్డంగా తెచ్చి పెట్టుకున్నవీ. కన్నం లోపలికి తేరిపార చూస్తే చీకట్లో ఒక కన్ను కనిపిస్తుంది, పాప అడ్డంగా గీతలా ఉంటుంది. మీరు అలాగే ఉంటే కాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చి పక్కనున్న రాయిని తడిమి దగ్గరికి లాక్కుంటుంది. పూర్తిగా బయటికొచ్చిందంటే రంగొక్కటే కాదు, చర్మం కూడా మారిపోతుంది, నున్నగా ఉన్నది క్షణంలో గరుకెక్కి నాచు పట్టిన రాయి అయిపోతుంది, కళ్లముందున్నదే ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇవి సాయంత్రం పొద్దువాలేటప్పుడూ తెల్లవారుజామునా ఎక్కువగా బయటికి వస్తాయి, కాబట్టి పొద్దు వాలుతుండగా, వెలుతురు ఉన్నప్పుడే నీళ్లలో దిగండి. చేత్తో పట్టుకోవాలని, కర్రతో పొడవాలని మాత్రం చూడకండి. మహా అయితే రెండేళ్లు బతికే ప్రాణి, ఆడదైతే గుడ్లకి కాపలా కాస్తూ తిండి మానేసి అవి పిల్లలయ్యేవేళకి చచ్చిపోతుంది, మీరు చూసింది ఆ కాపలాలో ఉన్నదే కావొచ్చు.

కాళ్ల కింద పచ్చగా పరుచుకున్న గడ్డిని చూసి చిరాకు పడకండి. పొసిడోనియా ఓషియానికా అంటారు, అది నాచు కాదు, వేళ్లూ పువ్వులూ కాయలూ ఉన్న మొక్క, మధ్యధరాలో తప్ప ఎక్కడా లేదు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది, అందుకే బోటు లంగరు ఒక్కసారి పెకిలిస్తే ఆ మేర మళ్లీ రావడానికి ఒక తరం సరిపోదు. స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల్లో దానిమీద లంగరు వేయడాన్ని 2018లో నిషేధించారు. చేపపిల్లలు, కటిల్‌ఫిష్, అదృష్టముంటే సముద్రపు గుర్రం, అన్నీ ఆ గడ్డిలోనే. గడ్డికీ ఇసుకకీ హద్దు ఎక్కడుందో ఆ అంచు వెంబడి చూడండి.

మీ సైటు సంగతి. కళ్లజోడు పెట్టుకుని మాస్క్ పెడితే కాడల సందుల్లోంచి నీళ్లొస్తాయి, కుదరదు. పవర్ అద్దాలున్న మాస్క్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఇక్కడే ఆర్డర్ పెట్టుకుని పట్టుకెళ్లండి. నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పవర్ కాస్త తక్కువైనా ఇబ్బంది ఉండదు. మీసం ఉంటే మాస్క్ పైపెదవి దగ్గర కారుతుంది, అక్కడ కాస్త వాజలైన్ రాయండి. మొహమంతా కప్పే మాస్క్ పిల్లాడికి వద్దు, నీళ్లు పోతే గబుక్కున ఊడదీయడం కష్టం, మామూలు మాస్క్, గొట్టం చాలు. వెళ్లేలోగా ఇద్దరూ మన ఊళ్లోనే స్విమ్మింగ్ పూల్‌లో నోటితో ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి, ఇది ముఖ్యం, సముద్రంలో మొదటిసారి నేర్చుకోవద్దు. అక్కడ ఈతకోసం బోయాలు (నీళ్లమీద తేలే గుర్తులు) కట్టిన హద్దు దాటొద్దు, బోట్లు తిరుగుతుంటాయి. వీపు మాడిపోతుంది, ఇద్దరూ ఫుల్‌హ్యాండ్స్ టీషర్ట్ వేసుకోండి.

ఎప్పుడైనా ఫ్రాన్సు వైపు వెళ్తే పోర్ట్ క్రో దీవి పెట్టుకోండి. 1963లో జాతీయ పార్కు చేశారు, అక్కడి లా పాలూ బీచ్‌లో స్నార్కెలింగ్ చేసేవాళ్ల కోసం నీళ్లలోనే గుర్తులు పెట్టి దారి వేశారు. స్పెయిన్‌లోని మెడెస్ దీవుల దగ్గర 1983 నుంచి చేపలు పట్టడం మానేశారు, ఇప్పుడు అక్కడ గ్రూపర్ చేపలు మనిషికి బెదరకుండా పెద్ద పెద్దవి తిరుగుతాయి. ఊరకే వదిలేస్తే సముద్రం ఎలా కోలుకుంటుందో చూడాలంటే ఆ రెండు చోట్లా చూడాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్. గ్రీసులో జాకింథోస్ దీవిలో తాబేళ్లు చూపిస్తారట. మన సూర్యలంకకి వచ్చేవీ అవీ ఒకటేనా?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: కాదమ్మా, వేరు. మనకి జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చేవి ఆలివ్ రిడ్లీలు, డిప్ప 60, 70 సెంటీమీటర్లు. అక్కడివి లాగర్‌హెడ్‌లు, ఇంకా పెద్దవి, ఎర్రటి గోధుమ రంగు, తల మరీ పెద్దది, పీతల్నీ గుల్లల్నీ డిప్పతో సహా నమిలేసే దవడలు. మే చివరి నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో వంద దాకా, పిల్లలు అక్టోబర్ వరకూ బయటికొస్తూనే ఉంటాయి. రెండిటిలోనూ ఒక సంగతి ఒకటే: ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడా మగా తేలుతుంది, వేడి పెరిగితే ఆడవే ఎక్కువ.

జాకింథోస్‌లో లగానాస్ ఖాతం అని ఉంది, 1999లో సముద్ర జాతీయ పార్కు చేశారు. ఒక భాగంలోకి బోట్లు అసలు రాకూడదు, మిగతా భాగాల్లో 6 నాట్ల (గంటకి సుమారు 11 కిలోమీటర్ల) స్పీడు దాటకూడదు. కడుపులో గుడ్లున్న తాబేళ్లు ఒడ్డు దగ్గరి వెచ్చటి నీళ్లలో కదలకుండా ఉంటాయి, ఆ వెచ్చదనానికి గుడ్లు త్వరగా ఎదుగుతాయి. అలా ఉన్న తాబేలు చుట్టూ నాలుగు బోట్లు మూగి కెమెరాలు తీస్తే అది లోతు చల్లటి నీళ్లలోకి పోతుంది. ఊపిరికోసం పైకొచ్చే దానికి నెత్తిన బోటు నిలబడితే ఎలా? బోటెక్కాక అలా జరుగుతుంటే గట్టిగా చెప్పండి, డబ్బులిచ్చినవాళ్లు చెప్తేనే బోటువాడు వింటాడు. దాని దగ్గరికి ఈదుకుంటూ పోవద్దు, మేత వేయొద్దు, మేత అలవాటైనవి కొరుకుతాయి కూడా. గుడ్లు పెట్టే బీచ్‌లు రాత్రిపూట మూసేస్తారు, టర్కీలోని ఇజ్తుజు బీచ్ కూడా అంతే, ఫ్లాష్‌లైట్లు పట్టుకుని పోవడానికి వీల్లేదు. మన తీరంలో ట్రాలర్ల వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చే తాబేళ్లని చూసినవాళ్లకి ఈ కట్టుబాట్ల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మన సముద్రం నీళ్లు మడ్డిగా, అక్కడివి అద్దంలా ఎందుకుంటాయి? అక్కడ కాలుష్యం తక్కువనా?
(ఒక రిటైర్డ్ ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: కాలుష్యం లెక్క కాదండీ. కృష్ణా గోదావరులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు మీద మన తీరం ఉంది, అడుగు మెత్తటి బురద, అల కదిపితే పైకి లేస్తుంది. ఆ మడ్డిలోనే పోషకాలు, వాటి మీద బతికే ప్లాంక్టన్ అనే అతి చిన్న జీవులు, వాటి మీద మన రొయ్యలూ చందువాలూ. మధ్యధరాలోకి జిబ్రాల్టర్ నుంచి వచ్చేది అట్లాంటిక్ పైపొర నీరు, అందులో పోషకాలు తక్కువ, పోషకాలున్న అడుగు నీరు తిరిగి బయటికే పోతుంది. ప్లాంక్టన్ తక్కువ కాబట్టే ఆ నీలం, ఆ తేట. ఆవిరి ఎక్కువ కాబట్టి ఉప్పూ ఎక్కువే, మనిషి ఇక్కడికంటే తేలిగ్గా తేలతాడు. ఆటుపోట్లు కూడా చాలాచోట్ల అరమీటరు లోపే.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ జువాలజీ. ఎర్ర సముద్రం చేపలు మధ్యధరాలోకి వచ్చేశాయని విన్నాను. ట్రిప్పుల్లో కనిపిస్తాయా?
(మాచవరం, విజయవాడ)

జవాబు: సైప్రస్, టర్కీ, గ్రీసు దీవుల్లో దిగిన రోజే కనిపిస్తాయమ్మా. 1869లో సూయజ్ కాలవ తెరిచినప్పుడు మధ్యలో విపరీతమైన ఉప్పు సరస్సులు అడ్డుండేవి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఉప్పు కరిగిపోయింది, సముద్రం కూడా వేడెక్కుతోంది, వచ్చేవి వస్తూనే ఉన్నాయి. లయన్‌ఫిష్ 2012 తర్వాత తూర్పు మధ్యధరాలో స్థిరపడిపోయింది. ఎర్ర తెలుపు చారలతో రెక్కలు విప్పుకుని రాతి నీడలో నిలబడి ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది గానీ వీపు ముళ్లలో విషం. దానికంటే ఎక్కువ నష్టం చేసింది రాబిట్ చేప. గుంపులుగా వచ్చి రాళ్ల మీది నాచునంతా గీకి తినేసింది, టర్కీ దక్షిణ తీరంలో మాస్క్ పెట్టుకుంటే మైదానం మాదిరి బోడి రాళ్లు కనిపిస్తాయి, ఒకప్పుడు అక్కడ చేపపిల్లలు దాక్కునే నాచు అడవి ఉండేది. పొడుగ్గా, పక్కన వెండి చారతో, బెదిరితే బంతిలా ఉబ్బే పఫర్ చేపల జాతిలో ఒకటి తిరుగుతుంది, దాని పళ్లు గాలాన్ని కొరికేస్తాయి, మాంసంలో ప్రాణాలు తీసే విషం ఉంది, ఎవరైనా పట్టి వండుదామంటే దగ్గరికి పోకు. నువ్వు నోట్స్ రాసుకునే పిల్లవైతే ఒక రాయి దగ్గర స్థానికమైనవి ఎన్ని, వచ్చినవి ఎన్ని అని లెక్క వేసుకో, ప్రాజెక్టు రిపోర్టుకి మంచి మొదలు.

ప్రశ్న: జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి అక్కా? ఇంకా ఏమైనా ప్రమాదమైనవి ఉన్నాయా?
(బెంజ్ సర్కిల్, విజయవాడ)

జవాబు: జాగ్రత్త పడాల్సింది ఊదారంగులో, పిడికిలంత ఉండే మావ్ స్టింగర్. కుడితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే అంటుకున్న ముళ్లు ఇంకా విచ్చుకుంటాయి. రుద్దొద్దు, ఇసుక రాయొద్దు, దీనికి వెనిగర్ కూడా వద్దు. బేకింగ్ సోడా సముద్రపు నీళ్లలో కలిపి రాసి, తీగలు మిగిలితే ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా తీసి, ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. ఆయాసం వచ్చినా, మొహం వాచినా వెంటనే డాక్టరు దగ్గరికి. ఆగస్టు దాటాక పసుపు గుండ్రంతో వేయించిన గుడ్డు మాదిరి తేలేది మాత్రం పెద్దగా ఏం చేయదు, దాని కింద చిన్న చేపలు దాక్కుని ప్రయాణం చేస్తుంటాయి, దూరం నుంచి చూడండి.

వీవర్ అనే చేప ఒడ్డు ఇసుకలో కూరుకుని ఉంటుంది, తొక్కితే వీపు ముల్లు దిగి భరించలేనంత నొప్పి, దానికి మందు వేడినీళ్లే, కాలు తట్టుకోగలిగినంత వేడిలో అరగంటకి పైగా పెట్టాలి, ఆ విషం వేడికి విరిగిపోతుంది. నల్లటి ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు ప్రతి రాతి మీదా ఉంటాయి, రబ్బరు బూట్లు వేసుకుంటే ఈ రెంటి బెడదా చాలావరకు తప్పుతుంది. రాతి మీద తెల్లటి నూగుతో పాకే ఎర్ర జెర్రి లాంటి పురుగుని ముట్టుకోవద్దు, ఆ నూగు చర్మంలో దిగి రోజుల తరబడి మంట.

ప్రశ్న: సముద్రపు గుహల్లో సీల్స్ ఉంటాయట, పడవలో లోపలికి తీసుకెళ్తారా?
(మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: తీసుకెళ్తానన్నా వద్దనండి. మాంక్ సీల్ అనే ఆ జీవి ప్రపంచంలో మొత్తం వెయ్యి లోపే ఉంది. ఒకప్పుడు బీచ్‌ల మీదే పిల్లల్ని కనేవి, మనుషుల వేటకి భయపడి గుహల్లోకి చేరాయి, ఇక అంతకంటే వెనక్కి పోవడానికి చోటు లేదు. కాపాడుతుండటం వల్ల నెమ్మదిగా పెరుగుతున్నాయి, 2023లో వాటిని కాస్త తక్కువ ప్రమాదమున్న జాబితాలోకి మార్చారు. గ్రీసులో అలొనిసోస్ దీవి చుట్టూ 1992లో వాటికోసం పార్కు పెట్టారు, అక్కడ బోటు మీద నుంచి తల ఒక్కసారి కనిపించినా చాలు.

ప్రశ్న: పిల్లలకి గుల్లలు, శంఖాలు ఏరి తెచ్చుకోవచ్చా?
(కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: వద్దండీ. ఇటలీలోని సార్డీనియాలో 2017 నుంచి ఇసుక, గులకరాళ్లు, గుల్లలు పట్టుకుపోతే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా, ఎయిర్‌పోర్టులో బ్యాగులు తెరిచి చూస్తారు. అరచేతంత నుంచి మీటరు పొడవు దాకా విసనకర్రలా ఉండే పెన్ షెల్ గుల్ల ఎక్కడ కనిపించినా, ఖాళీదైనా సరే, తీయొద్దు. 2016లో మొదలైన ఒక పరాన్నజీవి రోగానికి ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, బతికున్న ఒక్కోదాన్నీ శాస్త్రవేత్తలు లెక్కపెట్టుకుంటున్నారు. మీకు గడ్డిలో నిటారుగా నిలబడి, నోరు కొద్దిగా తెరిచి, మీ నీడ పడగానే మూసుకునేది కనిపించిందంటే అది ప్రాణంతో ఉన్నదే. ఆ చోటు ఫోన్లో గుర్తుపెట్టుకుని, ఫొటోతో సహా ఒడ్డునున్న డైవింగ్ సెంటర్ వాళ్లకి చెప్పండి, వాళ్లు చేర్చాల్సినవాళ్లకి చేరుస్తారు.